పదిహేడో రింగు

"వెనక తలుపు గడియ పెట్టావా అమ్మాయ్?" అని అత్తయ్య అడిగేసరికి కారు మా వీధి దాటి పది నిమిషాలైంది. "పెట్టాను" అన్నాను. పెట్టానో లేదో నాకు తెలియదు. గడియ మీద చెయ్యి వేసిన సంగతి గుర్తుంది. అదే సమయానికి ముందు గదిలోంచి మా ఆయన "నా కళ్ళజోడు ఎక్కడ?" అని కేకేశారు. కళ్ళజోడు టీవీ పక్కన ఉంది. తీసి చేతికిచ్చాను. తర్వాత ఫ్లాస్కు మూత బిగించాను, పాప జడకు రబ్బరు బ్యాండు వేశాను, అత్తయ్య మాత్రల డబ్బా సంచిలో పెట్టాను. మధ్యలో ఎప్పుడైనా వెనక్కి వెళ్ళి గడియ పూర్తిగా వేశానా అంటే చెప్పలేను. కాని ఇలాంటి ప్రశ్నకు "పెట్టాను" అనే జవాబు చెప్పాలి. "తెలియదు" అంటే కారు వెనక్కి తిప్పాలి. తిప్పితే ఆలస్యం. ఆలస్యమైతే అది నా వల్లే.

ఉదయం ఐదుంబావుకి బయల్దేరాం. రాకెట్టు ప్రయోగం పదకొండు నలభైకి. దూరం రెండు వందల పది కిలోమీటర్లు. దారిలో ఒకచోట ఆగినా తొమ్మిదిన్నరకల్లా చేరతామని ఆయన ముందురోజే లెక్క వేశారు. ఆ లెక్కలో నేను మూడున్నరకి లేవడం లేదు. గుడ్లు ఉడకబెట్టి, బ్రెడ్డు కాల్చి, రెండు ఫ్లాస్కుల్లో టీ పోసి, ఒకదానిలో అత్తయ్య కోసం చక్కెర మానేసి, నీళ్ళ సీసాలు, గొడుగులు, చాప, పాపకు వాంతి వస్తే పట్టడానికి కవర్లు సర్ది, అప్పుడు అందరినీ లేపాను. లేచినవాళ్ళు తయారయ్యారు. నేను చీర మార్చుకుంటుంటే బయట హారన్ మోగింది. "తయారవడానికి నీకెందుకింత సేపు?"

పాసు నాది. నేను పనిచేసే షెడ్డులో రాకెట్లకు కావలసిన కేబుళ్ళు కడతాం. ప్రయోగం ఉన్నప్పుడు చీటీలు తీసి మాలో పదిమందికి పాసులిస్తారు. ఒక కారు, ఐదుగురు మనుషులు. పదకొండేళ్ళలో మొదటిసారి నా చీటీ వచ్చింది. ఇంట్లో చెప్పిన రోజు ఆయన పాసును లైటు కింద అటూ ఇటూ తిప్పి చూసి, "ఐదుగురా? మనం నలుగురమే. మా మేనేజరు గారిని తీసుకెళ్దాం" అన్నారు. నేను పట్టకారుని తీసుకెళ్దామనుకున్నాను. పట్టకారు అంటే నాతో జంటగా పనిచేసే ఆవిడ. పట్టిన రింగు వదలదని షెడ్డులో అందరం ఆమెను అలా పిలుస్తాం. నాకన్నా ఏడేళ్ళు పెద్ద. ఆమె పేరెత్తితే ఆయన, "ఆవిడ ఎప్పుడైనా వస్తుంది. ఈయన మళ్ళీ దొరుకుతాడా?" అన్నారు. మర్నాటికి అది "మా పాసు" అయింది.

అందుకని ముందు సీట్లో, కారు నడుపుతున్న మా ఆయన పక్కన, మేనేజరు గారు కూర్చున్నారు. వెనక ఒక కిటికీ అత్తయ్యది, ఒక కిటికీ పాపది. మధ్యలో నేను, కాళ్ళ మధ్య ఫ్లాస్కులు, ఒళ్ళో సంచి.

"మీరు అక్కడేం చేస్తారమ్మా?" అని మేనేజరు గారు అద్దంలోంచి నన్ను అడిగారు.

"వైర్లు కట్టడమండి," అన్నారు మా ఆయన. "ఊలు అల్లినట్టే. కూర్చుని చేసే పనే."

"ఓహో. అయితే ఆవిడ కట్టిన ముడి ఊడిపోతే రాకెట్టు మన నెత్తిన పడుతుందన్నమాట."

ఇద్దరూ నవ్వారు. మేనేజరు గారు ఆపేశాక కూడా మా ఆయన కాసేపు నవ్వారు.

"ముడులు కాదంకుల్, కనెక్టర్లు," అంది పాప. దానికి పదేళ్ళు. "ఇరవై నాలుగుంటాయి. మా అమ్మ చదువుతుంది, పట్టకారు ఆంటీ తిప్పుతుంది."

"పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదు," అన్నారు ఆయన.

పాప కిటికీ వైపు తిరిగి ఎదురొచ్చే లారీలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పెదాలు కదులుతున్నాయి. వేలు అద్దం మీద కొడుతోంది. హైవే ఎక్కాక లారీలు పెరిగాయి. అత్తయ్య నా మీదుగా చెయ్యి చాపి దాని భుజం తట్టింది. "ఆ అద్దం ఎత్తవే, చెవుల్లోకి గాలి కొడుతోంది." పాప అద్దం ఎత్తింది. మళ్ళీ రోడ్డు వైపు చూసి, నా వైపు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళు తిరగబోతున్నాయి.

"అమ్మా, ఎంతలో ఉన్నాను?"

"నలభై ఒకటి," అన్నాను.

"నువ్వూ లెక్కపెడుతున్నావా?"

"ఊ."

"నలభై రెండు," అంది పాప, తేలికపడి. "నలభై మూడు."

నేను లెక్కపెట్టడం లేదు. అది ఏడవకుండా ఉండటానికి నోటికొచ్చిన అంకె చెప్పాను. తడుముకోలేదు, ఆలోచించలేదు. అంత తేలిగ్గా ఎలా చెప్పాను అనుకుంటుండగా ఇంకో చోట, ఇంకొకరికి, ఇదే గొంతుతో చెప్పిన అంకె వినిపించింది. "పద్దెనిమిది."

పందొమ్మిది రోజుల కిందట, మంగళవారం, మధ్యాహ్నం మూడు దాటాక. రాకెట్టు పై భాగంలో మనిషి నడుం దాకా దూరగలిగేంత గది ఒకటి ఉంటుంది. యంత్రాలు దాని గోడలకు బిగించి ఉంటాయి. వాటిని కలిపే కేబుళ్ళు ఇరవై నాలుగు. ఒక్కో కేబులు కొసన కనెక్టరు, దాని చుట్టూ తిప్పి బిగించే రింగు. ఆ గది మా షెడ్డులోనే తయారై, తర్వాత ప్రయోగస్థలానికి వెళుతుంది. ఆ రోజు మా జంట పని ఆఖరి బిగింపు. పట్టకారు కిటికీలాంటి తలుపులోంచి చేతులూ తలా లోపల పెడుతుంది. నేను బయట స్టూలు మీద కాగితం పట్టుకుని కూర్చుంటాను. నేను "ఒకటి" అంటాను. ఆమె ఆ రింగును టక్కుమనేదాకా తిప్పి, "ఒకటి, బిగిసింది" అంటుంది. అది విన్నాక నేను టిక్కు పెడతాను. లోపల ఏం జరుగుతోందో నాకు కనిపించదు, వినిపిస్తుంది. అన్నీ అయ్యాక చివర్లో, మళ్ళీ తిప్పి చూడకుండానే, ఒక్కో రింగు మీద ఎర్ర రంగు చుక్క పెడతాం. చుక్క ఉందంటే పని అయినట్టు.

దీనికి ఒక నియమం ఉంది. మధ్యలో ఎవరు లేచినా, ఎందుకు లేచినా, తిరిగొచ్చాక మళ్ళీ ఒకటి నుంచి చదవాలి. ఎంతలో ఉన్నామో గుర్తున్నా సరే.

నేను "పదిహేడు" అన్నాను. అప్పుడు సూపర్‌వైజరు తన బల్ల దగ్గర నుంచి, "అమ్మా, మీ ఇంటి నుంచి ఫోను, అర్జెంటట" అన్నాడు. మా సెల్‌ఫోన్లు లాకర్లలో ఉంటాయి. ఇంటికి ఆ బల్ల మీది నంబరు ఇచ్చాను, ప్రాణం మీదికి వస్తే చెయ్యండని. లేచాను. చదివేవాళ్ళు లేకుండా లోపల చేతులు ఉంచకూడదు కాబట్టి పట్టకారు కూడా బయటికొచ్చింది. నేను అత్తయ్యతో మాట్లాడాను, ఒక నిమిషం పట్టిందేమో. తిరిగొచ్చాను. పట్టకారు గ్లవుజులు మార్చుకుంటోంది. "ఎంతలో ఉన్నాం?" అంది. "పద్దెనిమిది" అన్నాను. ఆమె తల లోపల పెట్టింది.

కాగితం మీద పదిహేడుకి ఎదురుగా టిక్కు ఉంది. అందులో అనుమానం లేదు, కింద సంతకం చేసేటప్పుడు ఇరవై నాలుగూ చూశాను. కాని ఆ టిక్కు "బిగిసింది" అనే మాట విన్నాక పెట్టానా, ఫోనుకి లేస్తూ లేస్తూ పెట్టానా? ఆ మాట విన్నట్టు గుర్తు చేసుకోవాలని కళ్ళు మూసుకున్నాను. పదహారు వినిపించింది. పద్దెనిమిది వినిపించింది. పదిహేడు దగ్గర సూపర్‌వైజరు గొంతు ఒక్కటే ఉంది.

కారు నడుస్తోంది. నా వేళ్ళు ఫ్లాస్కు మూతని బిగిస్తున్నాయి, వదులు చేస్తున్నాయి, మళ్ళీ బిగిస్తున్నాయి. అంత నియమం తెలిసినదాన్ని ఎందుకలా చేశాను అని నన్ను నేను అడిగాను. జవాబు దొరకడానికి ఎంతో సేపు పట్టలేదు. ఇంట్లో నేను ఏ పనీ మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపున చేయలేదు. పొయ్యి మీద గిన్నె పెడితే ఎవరో పిలుస్తారు. తిరిగొచ్చి ఆగిన చోట అందుకుంటాను. బట్టలు నానబెడితే పిలుస్తారు, పాపకు లెక్కలు చెబుతుంటే పిలుస్తారు, స్నానాలగదిలో సబ్బు నురగతో ఉన్నప్పుడూ పిలుస్తారు. ప్రతిసారీ ఒకటి నుంచి మొదలుపెట్టేదాన్నయితే పద్నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో ఎవరూ భోంచేసి ఉండరు. ఎక్కడ ఆగిందో అక్కడ అందుకోవడం, ఆగింది ఎక్కడో గుర్తు లేకపోతే ఇక్కడే అయి ఉంటుందనుకుని ముందుకెళ్ళడం, ఇదే నాకొచ్చిన విద్య. దాన్ని మెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. "ఆవిడకి పది చేతులండీ" అని మా ఆయన పదిమందిలో అంటారు. ఆ మంగళవారం ఇంటి పద్ధతిని షెడ్డులోకి తీసుకెళ్ళాను. అంతే.

ఏడు నలభైకి పెట్రోలు బంకు పక్కన ఆగాం. చాప పరిచాను. "మేనేజరు గారికి ముందు ఇవ్వు" అన్నారు ఆయన. ఇచ్చాను. గుడ్డు పెంకు తీసి ఇవ్వాలని మేనేజరు గారు అనలేదు, మా ఆయన అన్నారు. తీసి ఇచ్చాను. అందరి చేతుల్లో టీ ఉన్నాక బాత్రూముకని చెప్పి బంకు వెనక్కి వెళ్ళి పట్టకారుకి ఫోను చేశాను.

"ఏమే, చేరారా అప్పుడే?" అంది. వెనక టీవీ వినిపిస్తోంది. షెడ్డుకు ఈ రోజు సెలవు.

"అక్కా, ఆ మంగళవారం పదిహేడు తిప్పావా?"

టీవీ గొంతు తగ్గింది. "ఏ మంగళవారం?"

"నాకు ఇంటి నుంచి ఫోనొచ్చిన రోజు."

"నువ్వు చదివితే నేను తిప్పుతాను. నాకేం తెలుసు?"

"పదిహేడు అని చదివాను. ఆ తర్వాత నువ్వు బిగిసింది అన్నావా?"

"చెయ్యి పెట్టాను," అంది. "అంతవరకు గుర్తుంది. సూపర్‌వైజరు నిన్ను పిలిచాడు, నేను బయటికొచ్చాను. టక్కుమందో లేదో... ఒసేయ్, ఇప్పుడు అడుగుతావేంటి? ఇంకో నాలుగ్గంటల్లో పోతుంది అది."

"అందుకే అడుగుతున్నాను."

"మూడు టెస్టులు పాసయింది."

"టెస్టులో తెలియదు కదక్కా. పిన్నులు తగిలితే చాలు, లైటు వెలుగుతుంది. రింగు బిగియకపోతే ఊగినప్పుడు కదా ఊడేది."

"నాకు చెబుతున్నావా రింగుల సంగతి?" గొంతు పెంచి, మళ్ళీ తగ్గించింది. "చూడు. కాగితం మీద నీ సంతకం ఉంది, నాది ఉంది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టలేదని తేలితే ఇద్దర్నీ ఇంటికి పంపిస్తారు. నీకు మొగుడి ఉద్యోగం ఉంది. నాకెవరున్నారు? బిగిసే ఉంటుంది. వదిలెయ్." ఫోను పెట్టేసింది.

చాప దగ్గరికి వచ్చేసరికి "ఎంతసేపే?" అన్నారు ఆయన. కప్పులు కడిగాను. సంచి సర్దాను. కారు కదిలాక అత్తయ్యను అడిగాను. "అత్తయ్యా, మొన్నొక మంగళవారం షెడ్డుకి ఫోను చేశారు కదా. దేనికి?"

"ఎన్ని చేస్తాను, ఏదని గుర్తుంటుంది?" అంది అత్తయ్య. "ఏదో అవసరం ఉండే చేసి ఉంటాను. ఏం, చెయ్యకూడదా?"

"అది కాదు."

నాకూ గుర్తులేదు. ఆ ఒక్క నిమిషంలో ఏం మాట్లాడానో ఎంత తవ్వినా రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది, దాని పక్కన పదిహేడు కూడా దొరికేదేమో అనిపించింది.

చివరి పదిహేను కిలోమీటర్లు కార్లు బారులు తీరాయి. మైదానం చేరేసరికి పదీ ఐదు. మెట్లలాగా కట్టిన గ్యాలరీ, ఎదురుగా నీళ్ళు, నీళ్ళకు అవతల ఒక తెల్లటి గీత. దూరం నుంచి అది గోడకు ఆనించిన సుద్దముక్కలా ఉంది. మైకులో ఒక గొంతు ఐదు నిమిషాలకొకసారి ఏదో ఒకటి పూర్తయిందని చెబుతోంది. చెప్పినప్పుడల్లా జనం చప్పట్లు కొడుతున్నారు. నా చేతులు కూడా కొట్టాయి. మేనేజరు గారు మా ఆయన్ను తన పక్కన నిలబెట్టుకుని ఫొటో తీయించుకున్నారు. తీసింది నేను.

ఆయన ఫోను తీసుకోవడానికి వచ్చినప్పుడు, "ఏవండీ, ఒక్క మాట," అన్నాను.

"ఇప్పుడా?"

చెప్పాను. ఎంత తక్కువ మాటల్లో చెప్పగలనో అంత తక్కువ మాటల్లో చెప్పాను. ఆయన మేనేజరు గారి వైపు చూసి గొంతు తగ్గించారు.

"నీకు ప్రతిదానికీ అనుమానమే. గ్యాసు ఆపానా, తలుపు వేశానా. ఇంతమంది ఇంజినీర్లున్నారు. నీ ఒక్కదాని మీదే ఆగిందా రాకెట్టు?"

"ఆ రింగు నా మీదే ఆగింది."

"టెస్టులు పాసయిందన్నావుగా? అయిపోయింది. ఆయన ముందు పరువు తియ్యకు. ఇంకో గంటలో అది పైకి పోతుంది, మనం ఇంటికి పోతాం." వెళ్ళబోతూ వెనక్కి తిరిగారు. "రెండో ఫ్లాస్కులో టీ ఉందా?"

ఉంది. పోసి ఇచ్చాను. ఇస్తూ ఆలోచించాను. కళ్ళజోడు నా మీద ఆగుతుంది. అత్తయ్య మాత్రలు నా మీద ఆగుతాయి. ఆయన ఆఫీసు చొక్కాకు ఊడిన బొత్తాం నా మీద ఆగుతుంది, అది కుట్టని రోజు ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. నా చేతుల్లోంచి వెళ్ళి నాలుగు వందల మంది పనిని మోసుకుని ఆకాశంలోకి పోయే వస్తువు మాత్రం నా మీద ఆగదు. నా పని ఎప్పుడు పెద్దదో, ఎప్పుడు చిన్నదో చెప్పేది నేను కాదు.

పదిన్నరకి ఫోను మోగింది. పట్టకారు.

"పొద్దున్నుంచి ముద్ద దిగడం లేదు," అంది. "గ్లవుజు చేతికేసుకుని గాల్లో తిప్పి చూశాను. పదహారు అయ్యాక చెయ్యి కుడివైపుకి జరపాలి. జరిపాను. ఆ పైన ఏం గుర్తు రావడం లేదు. చెప్పెయ్. నీ ఒక్కదాని పేరే చెప్పకు, నమ్మరు. లోపల ఉన్న చెయ్యి నాదని చెప్పు."

సూపర్‌వైజరుకి చేశాను. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తి అంతా విన్నాడు.

"నీకు కచ్చితంగా తెలుసా?"

"తెలియదు సార్."

"తెలియనిదానికి ఇంత రభసేంటమ్మా? సంతకం ఉంది. దాని కింద నా సంతకం కూడా ఉంది." ఆగాడు. "ఫోనుకి నిన్ను పిలిచింది నేనని ఎవరికైనా చెప్పావా?"

"ఇంకా లేదు."

"సరే. నేను చూస్తాను. నువ్వు ఎవరికీ చెయ్యకు. హాయిగా పిల్లదానితో కూర్చుని చూడు."

సూపర్‌వైజరు చూస్తానన్నప్పుడు పది యాభై రెండు. పదకొండైంది. మైకు గొంతు మరొకటి పూర్తయిందంది. చప్పట్లు. పదకొండుంబావు. ఇంకొకటి పూర్తయిందంది. పాప నా చెయ్యి పట్టుకుని, "నీ చెయ్యి చల్లగా ఉందేంటమ్మా?" అంది. సూపర్‌వైజరు ఎవరికీ చెప్పలేదని నాకు అర్థమైంది. పందొమ్మిది రోజుల కిందట నేను చేసిందే ఆయన ఇప్పుడు చేస్తున్నాడు. అయిపోయిందనుకుని పద్దెనిమిదికి వెళుతున్నాడు.

షెడ్డు గోడ మీద, నా స్టూలుకి ఎదురుగా, ఒక నంబరు రాసి ఉంటుంది. పనిలో అనుమానం ఉన్నవాళ్ళు ఎవరైనా, ఏ సమయంలోనైనా, ఎవరినీ అడగకుండా దానికి చేయవచ్చని కింద రాసి ఉంటుంది. పదకొండేళ్ళలో దానికి ఎవరైనా చేశారని వినలేదు. చేస్తే ఏమవుతుందో కూడా వినలేదు. చూసి చూసి ఆ అంకెలు నోటికొచ్చాయి. పాప చెయ్యి విడిపించుకుని, మెట్లు దిగి, నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళి నొక్కాను. పదకొండు ఇరవై ఒకటి. ఒక్క రింగుకే ఎత్తారు. ఆడగొంతు.

"చెప్పండి."

పేరు, ఉద్యోగ నంబరు, ఏ గది, ఏ కేబులు, ఏ తేదీ చెప్పాను. లోపల పనిచేసింది ఎవరో చెప్పాను. అవతల కీబోర్డు చప్పుడు.

"అది బిగియలేదని మీకు తెలుసా?"

"తెలియదు. బిగిసిందని కూడా తెలియదు. తెలియదనే చేస్తున్నాను."

"లైనులో ఉండండి." పాట గానీ మాట గానీ లేదు. ఊపిరి లెక్కపెట్టాను. ముప్పై దాటాక ఆమె, "మీ ఫోను దగ్గరే ఉంచుకోండి" అని పెట్టేసింది.

పైకి వచ్చి నిలబడ్డాను. జనమంతా లేచి నిలబడ్డారు. ఎవరో పిల్లవాణ్ణి భుజాల మీదికెత్తుకున్నారు. పదకొండు ముప్పై మూడుకి మైకు గొంతు, ఇంతసేపూ ఎలా మాట్లాడిందో అలాగే, "ఏడు నిమిషాల దగ్గర లెక్క ఆపడమైంది. ఈ రోజుకి ప్రయోగం లేదు. కారణం తర్వాత తెలియజేస్తాం" అంది.

మైదానమంతా ఒక్కసారి ఉస్సురుమంది. మేనేజరు గారు టోపీ తీసి తొడ మీద కొట్టుకున్నారు. "రెండు వందల కిలోమీటర్లండీ! ఎవడో వెధవ తన పని తను సరిగ్గా చేసి ఉండడు."

"వీళ్ళంతా ఇంతేనండి," అన్నారు మా ఆయన. "బాధ్యత ఉంటేగా."

నా ఫోను మోగింది. మూడో గేటు దగ్గర జీపు ఉంటుంది, పావుగంటలో రమ్మన్నారు. విని, సరేనన్నాను. సంచి భుజం మీంచి తీసి ఆయన చేతికిచ్చాను. దాన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలియక ఆయన రెండు చేతులతో పట్టుకున్నారు.

"ఎక్కడికి?"

"ఆపింది నేనే. వాళ్ళు రమ్మంటున్నారు."

మేనేజరు గారు నన్ను చూశారు, మా ఆయన్ను చూశారు, టోపీ పెట్టుకున్నారు. మా ఆయన నన్ను రెండడుగులు పక్కకు లాగారు. "మతి ఉందా? ఇంతమంది... సరే, అయిందేదో అయింది. ఒంట్లో బాగోలేక కళ్ళు తిరిగాయని చెప్పు. ఇంటి నుంచి ఫోనొచ్చిందని మాత్రం అనకు. ఇంట్లో విషయాలు అక్కడెందుకు?"

"ఏ ఫోను?" అంది అత్తయ్య. పక్కకి లాగినా వినపడేంత దూరంలోనే ఉంది. "పొద్దున అడిగిందే, ఆ ఫోనా? ఇప్పుడు గుర్తొచ్చింది. కత్తెర కోసం కదూ! నువ్వు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నావు కదరా ఆ రోజు. ఏదో పార్సిలు విప్పాలని కత్తెర అడిగావు. నాకు కనబడలేదంటే, దాన్నే అడుగు, ఫోను చెయ్యి అన్నావు. అర్జెంటని చెప్తేగానీ పిలవరని కూడా నువ్వేగా అన్నావు?"

"అమ్మా, నువ్వూరుకో."

"నేనేం తప్పన్నాన్రా?" అత్తయ్య నా వైపు తిరిగింది. "దానికీ దీనికీ ఏమిటే సంబంధం?" అని అడిగింది. ఆవిడకి నిజంగానే తెలియదు. పాపని ఆవిడ పక్కన కూర్చోబెట్టి మెట్లు దిగాను.

జీపు నన్ను ఒక గదికి తీసుకెళ్ళింది. రెండు కుర్చీలు, ఒక బల్ల, గోడకు గడియారం. బల్ల అవతల ఒక ఆఫీసరు. సూపర్‌వైజరు అప్పటికే వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, ఆయనకు కూడా పాసు వచ్చిందని నాకు తెలియదు. ఆఫీసరు కోప్పడలేదు, మెచ్చుకోలేదు. ఇంధనం తీసేయడానికి సాయంత్రమవుతుందనీ, ఆ గది తలుపు రేపు ఉదయం తెరుస్తామనీ, పట్టకారుని పిలిపిస్తున్నామనీ, చదవడానికి నేనుండాలనీ చెప్పాడు. పదిహేడు బిగిసి ఉందో లేదో రేపు తెలుస్తుంది. మా ఉద్యోగాల సంగతి ఏమిటని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

"ముందు ఇది నింపండి," అని ఒక కాగితం జరిపాడు.

పేరు, నంబరు, తేదీ, సమయం రాశాను. ఏడో గడిలో 'పని మధ్యలో ఆగడానికి కారణం' అని ఉంది. దాని కింద నాలుగు గీతలు ఖాళీగా ఉన్నాయి. సూపర్‌వైజరు వెనక నుంచి వంగాడు. "ఆరోగ్యం బాగోలేదని రాసెయ్యమ్మా. అందరికీ మంచిది." నేను కలం పట్టుకుని కూర్చున్నాను. మొదటి గీత మీద రాశాను: 'మా ఇంట్లో కత్తెర కనబడలేదని నాకు ఫోను చేశారు.'

కాగితం తిప్పి ఇచ్చాను. ఆఫీసరు చదివాడు. మళ్ళీ చదివాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

"కత్తెరా?"

"అవును సార్."

"అప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా?"

"ఇద్దరున్నారు సార్."

ఆయన కాగితాన్ని వేలితో నా వైపుకి జరిపాడు. "అది కూడా రాయండి."

రెండో గీత మీద రాశాను.